గ్రీను తప్పిన బంతి: మనస్సు చేయు మేలు, కీడు

గాల్ఫ్ ఆటలో ఒక చిన్న బంతిని కర్రతో కొట్టుచు, దూరముగా నున్న గుంటలో పడవేయవలెను. బంతి వ్యాసము సుమారు 43 మిల్లీమీటర్లు. గుంట వ్యాసము 108 మిల్లీమీటర్లు. గుంట చుట్టును గడ్డిని చాప పరచినట్లు నున్నగా కత్తిరించి ఉంచెదరు. ఈ స్థలమునకు గ్రీను అని పేరు. పూర్తి ఆటకు ఇట్టి గుంటలు 18. ఒక్కొక్క గుంటకు నేర్పరి యైన ఆటగానికి ఇన్ని దెబ్బలు చాలునని ఒక లెక్క కలదు. దానిని పార్ అందురు. ఈ లెక్కలో చివరి రెండు దెబ్బలు గ్రీనుమీద బంతిని దొర్లించుటకు విడువబడినవి. కనుక పార్ నాలుగైనచోట రెండవ దెబ్బకే బంతి గ్రీను చేరవలెను.

చేరకపోయినచో ఏమగును? బంతి ప్రక్కనున్న దట్టమైన గడ్డిలోనో, ఇసుక గుంటలోనో పడును. ఆటగాని ముఖము వాడిపోవును. ఒక దెబ్బ వృథా యైనదని చింతించుచు నడచివచ్చి, ఆ చింతతోనే తరువాతి దెబ్బను కూడ చెడగొట్టుకొనును. ఒకటి కావలసిన నష్టము రెండగును. మొదటి నష్టము చేతి గురి తప్పుటవలన కలిగినది. రెండవది తరచుగా మనస్సు గురి తప్పుటవలన కలుగుచున్నది. దీనిని తప్పించుకొనుట సాధ్యమేనా? శాస్త్రజ్ఞులు ఈ విషయమున చేసిన పరిశీలనలు కొన్ని చూతము.

లెక్కలు చెప్పు ఊరట

అమెరికాలో అగ్రశ్రేణి వృత్తి ఆటగాండ్రు పాల్గొను పి.జి.ఎ. టూర్ పోటీలలో ప్రతి దెబ్బను కొలిచి నమోదు చేయుచున్నారు. ఈ లెక్కల ప్రకారము వారు కూడ సగటున నూటికి 65 సార్లు మాత్రమే అనుకొన్న దెబ్బలలో గ్రీను చేరుచున్నారు. అనగా 18 గుంటలలో ఆరింటివద్ద గ్రీను తప్పుచున్నారన్నమాట. అట్లు తప్పినప్పుడు సుమారు నూటికి 60 సార్లు, తరువాతి చిన్న దెబ్బతో బంతిని గుంట దగ్గరకు చేర్చి, పార్ లెక్క దాటకుండ ముగించుచున్నారు. ప్రపంచములోని మేటి ఆటగాండ్రకే ఇట్లు జరుగుచుండగా, సెలవునాడు ఆడువారు గ్రీను తప్పిన ప్రతిసారియు కుంగిపోవుటకు కారణము లేదు. గ్రీను తప్పుట ఆటలో కలిగిన ప్రమాదము కాదు. ఆటలో ఒక భాగమే.

కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు మార్క్ బ్రాడీ ఇట్టి లెక్కలను విశ్లేషించి 2014లో ఒక గ్రంథము ప్రకటించెను. గ్రీనుమీద మూడడుగుల దూరమునుండి వృత్తి ఆటగాండ్రు నూటికి 95 సార్లకు పైగా బంతిని గుంటలో వేయగలరు. ఎనిమిదడుగుల నుండి సగము సార్లు మాత్రమే వేయగలరు. ఇరువది అడుగుల నుండి నూటికి 15 సార్లు వేయుటయే గొప్ప. దీనినిబట్టి చిన్న దెబ్బ విలువ ఎంతటిదో తెలియుచున్నది. బంతి ఇరువది అడుగుల దూరమున ఆగుటకును, మూడడుగుల దూరమున ఆగుటకును గల తేడా ఇంచుమించు ఒక పూర్తి దెబ్బ. పోయినదనుకొన్న దెబ్బ నిజముగా ఇంకను పోలేదు. అది ఈ చిన్న దెబ్బలో దాగియున్నది.

వలదన్న కొలది

"ఇసుకలో పడవేయకూడదు, గుంట దాటిపోకూడదు" అని తనకు తాను చెప్పుకొనుట జాగ్రత్తవలె తోచును. కాని మనస్సు స్వభావము వేరు. డేనియల్ వెగ్నర్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడును అతని సహచరులును 1998లో ప్రకటించిన ప్రయోగములో, కొందరిని గాల్ఫ్ బంతిని దొర్లింపుమని, గురిని మాత్రము దాటనీయవద్దని ఆదేశించిరి. మనస్సుపై మరియొక భారము మోపినప్పుడు, అనగా ఒక సంఖ్యను గుర్తుంచుకొనుచు ఆడుమన్నప్పుడు, వారు వద్దన్నట్లే బంతిని గురి దాటించిరి. ఒక తలపును తోసివేయవలెనన్నచో, అది వచ్చినదో లేదో మనస్సు కనిపెట్టుచునే ఉండవలెను. ఒత్తిడిలో తోసివేయు శక్తి సన్నగిల్లి, కనిపెట్టు పని మాత్రము మిగులునని వెగ్నర్ వివరించెను.

మరియొక చిక్కు కలదు. భయపడినవాడు తన చేతులను తానే పరీక్షించుకొనును. సియాన్ బైలాక్ బృందము 2002లో ప్రకటించిన పరిశోధనలో, అనుభవజ్ఞులైన ఆటగాండ్రు తమ కర్ర ఊపు ఆగు క్షణమును గమనించుచు ఆడినప్పటికంటె, వేరొక శబ్దమును వినుచు ఆడినప్పుడే బాగుగ ఆడిరి. అలవాటైన పనిని ముక్కలుచేసి చూచుకొన్నచో దాని ఒరవడి చెడును. మెట్లు దిగువాడు ఏ కాలు ముందో ఆలోచించి తడబడినట్లే ఇదియును.

అట్లని దృష్టి ఎచ్చటను నిలుపరాదని కాదు. గాబ్రియేల్ వుల్ఫ్ బృందము 1999లో క్రొత్తగా నేర్చుకొనువారిచే గ్రీను చేరు చిన్న దెబ్బలనే కొట్టించెను. చేతుల కదలికపై దృష్టి నిలిపినవారికంటె కర్ర కదలికపై దృష్టి నిలిపినవారు గురి బాగుగ కొట్టిరి. దృష్టి శరీరము వెలుపల ఉండుటయే మేలని దీనివలన తేలినది.

ఏమి చేయవలెను?

బంతిని చేరిన తరువాత మొదట చూడవలసినది అది ఉన్న తీరు. తరువాత, గ్రీనుమీద బంతి మొదట పడవలసిన చోటు ఒకటి ఎన్నుకొనవలెను. నిలువు ముఖముగల కర్రతో కొట్టిన బంతి తక్కువ ఎగిరి ఎక్కువ దొర్లును. వెనుకకు వాలిన ముఖముగల కర్రతో కొట్టినది ఎక్కువ ఎగిరి తక్కువ దొర్లును. చోటునుబట్టి కర్రను నిర్ణయించి, ఆ చోటునే చూచుచు కొట్టవలెను. "అక్కడ పడవలెను" అను తలపు నిలిచినప్పుడు "ఇక్కడ పడరాదు" అను తలపునకు తావుండదు.

పనితీరు తెలియుట భయమునకు మంచి మందు. ఇసుక గుంటనే చూడుడు. పూర్వము సన్నని అంచుగల కర్ర ఇసుకలో దిగబడెడిది. 1932 ప్రాంతమున జీన్ సారజెన్ అను అమెరికన్ ఆటగాడు కర్ర అడుగున లోహము చేర్చి మందము చేసెను. అప్పుడది దిగబడక ఇసుకలో జారిపోవును. అట్టి కర్రతో బంతిని తాకనక్కరలేదు. బంతి వెనుక ఇసుకను కొట్టినచో ఆ ఇసుకయే బంతిని ఎత్తి గ్రీనుమీద వేయును. ఆ ఏడే సారజెన్ బ్రిటిష్ ఓపెన్ గెలిచెను.

1982లో కాలిఫోర్నియాలోని పెబుల్ బీచ్‌లో జరిగిన అమెరికా ఓపెన్‌లో టామ్ వాట్సన్ 17వ గుంటవద్ద గ్రీను తప్పెను. అప్పటికి అతడు జాక్ నిక్లాస్‌తో సమానముగా నుండెను. బంతి దట్టమైన గడ్డిలో పడియున్నది. దగ్గరగా చేర్చుమని సంచి మోయు సహాయకుడు చెప్పగా, గుంటలోనే వేసెదనని వాట్సన్ బదులిచ్చి, అట్లే వేసెను. చివరి గుంటవద్ద మరియొక దెబ్బ ఆదాచేసి, రెండు దెబ్బల తేడాతో గెలిచెను. ఇట్టి అద్భుతము ప్రతిదినము జరుగదు. వాట్సన్ కూడ ఇట్టి దెబ్బలను ఎంతయో సాధన చేసినవాడే.

కనుక ధైర్యమనగా అంతయు బాగుండునని నమ్మి కూర్చుండుట కాదు. పోయిన దెబ్బను పోనిచ్చి, రాబోవు దెబ్బకు ఒక చోటు ఏర్పరచుకొనుట. సాధన చేయునప్పుడు గ్రీను ప్రక్కన ఒక రుమాలు పరచి, దానిపై బంతి పడునట్లు దినమునకు ఒక పావుగంట కొట్టినచో, ఆటలో గ్రీను తప్పిననాడు ఆ రుమాలే కన్నులకు కట్టును.