కంటి దగ్గర అక్కి వస్తే చుక్కల మందు ఒక్కటే సరిపోదు

నుదుటి మీద ఒకపక్కనే మంటతో నీటిపొక్కులు లేస్తే మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు "అక్కి వచ్చింది, రాయించండి" అంటారు. కుమ్మరివాళ్ళ చేత జాజుతో సింహం బొమ్మ వేయిస్తారు. కొందరు సర్పి అంటారు. చిన్నప్పుడు పోసిన ఆటలమ్మ వైరస్సే నరాల్లో దాక్కుని, ఒంట్లో శక్తి తగ్గినప్పుడు ఇలా పైకొస్తుంది. ఆరోగ్యవంతులకి చాలావరకు కొద్ది వారాల్లో దానంతటదే మానుతుంది కాబట్టి ఆ పేరు బొమ్మకి దక్కుతూ వచ్చింది!

కానీ కిడ్నీ మార్పిడి అయినవాళ్ళు, కాన్సర్‌కి కీమో తీసుకునేవాళ్ళు, ఏళ్ళ తరబడి స్టిరాయిడ్ మాత్రలు వాడేవాళ్ళు, హెచ్.ఐ.వి. ఉన్నవాళ్ళ సంగతి అలా కాదండీ. మా పద్మారావునగర్‌లో కిడ్నీ మార్పిడి అయిన ఒకావిడకి ముక్కు కొన మీద కూడా పొక్కులొచ్చాయి. ముక్కుకీ కంటికీ వెళ్ళే నరం ఒకటే. అక్కడ పొక్కు కనబడిందంటే కంటికీ ముప్పు ఉందనుకోవాలి. ఇంట్లోవాళ్ళు కళ్ళకలకకి వాడగా మిగిలిన చుక్కలు వేస్తూ నాలుగు రోజులు కూర్చున్నారు. ఆనక ఆస్పత్రిలో చేర్చి, ఎసైక్లోవిర్ మందు నరానికి ఎక్కించాల్సి వచ్చింది. చూపు దక్కింది గానీ ఆ కన్ను ఇప్పటికీ మసకే.

గోడకి చెమ్మ వస్తే పైన సున్నం కొట్టి ఊరుకుంటామా? లోపల కారే పైపు చూడాలి. చుక్కలు కంటి పైపొర వరకే పనిచేస్తాయి. వైరస్ ఉన్నది నరంలో. అందుకే మాత్రలో, ఇంజక్షనో ఒళ్ళంతా అందాలి. పొక్కులు లేచిన 72 గంటల్లోపు మొదలెడితే గుణం ఎక్కువ. ఆలస్యమైనా సరే, వెళ్ళడం మానకండి. ఇంకొకరి చీటీ చూసి మాత్రలు కొనకండి, కిడ్నీ పనితీరుని బట్టి డోసు మారుతుంది. మిగిలిపోయిన చుక్కల్లో స్టిరాయిడ్ ఉంటే కొన్ని వైరస్ జబ్బులు ఇంకా ముదురుతాయి.

సైటోమెగలో అనే ఇంకో వైరస్ ఉంది. అది కంటి వెనక పొర, రెటీనాని తినేస్తుంది. నొప్పుండదు, ఎరుపుండదు. కళ్ళముందు నల్ల చుక్కలు తేలడం, మెరుపులు, ఓ పక్క తెర దించినట్టుండడం, అంతే. 1996లో హెచ్.ఐ.వి.కి మంచి మందుల కలయిక రాకముందు దీనివల్ల ఎంతోమంది చూపు పోగొట్టుకున్నారు. దీనికి గాన్‌సైక్లోవిర్‌ని కంట్లోకే సూదితో ఇస్తారు. వినడానికి భయమే గానీ, చూపుకి కీలకమైన చోటికి జబ్బు పాకుతుంటే అదే కాపాడుతుంది. అయితే ఆ సూది ఆ కంటికే. రెండో కన్నుకి, పేగులకి, ఊపిరితిత్తులకి రక్షణ లేదు. మాత్రలు అంతటికీ అందుతాయి, కానీ తెల్లరక్తకణాలు తగ్గిస్తాయి, మాటిమాటికీ రక్తపరీక్ష తప్పదు. అందుకే చాలామందికి రెండూ కలిపి ఇస్తారు. కణాలు మరీ తక్కువున్నవాళ్ళకి సూదితోనే నెట్టుకొస్తారు.

మెహిదీపట్నంలో సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆస్పత్రి ఉంది, బంజారాహిల్స్‌లో ఎల్.వి.ప్రసాద్ ఉంది. వెళ్ళేటప్పుడు రోగి వాడే మందులన్నీ సంచిలో వేసుకెళ్ళండి. "ఈ మాత్రల వల్లే వచ్చింది" అని మార్పిడి మందులు మీ అంతట మీరు ఆపారో, కంటితో పాటు కిడ్నీ కూడా పోతుంది. తగ్గించాలా వద్దా అన్నది కిడ్నీ డాక్టరూ, కంటి డాక్టరూ మాట్లాడుకుని చెప్పాలి.