మీకు తెలుసా? బండి ఎత్తు పెంచాక షాఫ్టులు ఎందుకు బిగుసుకుంటాయి

ఫోర్ వీల్ డ్రైవ్ పికప్ కొన్నవాళ్లలో చాలామంది మొదట చేయించే మార్పు బండి ఎత్తు పెంచడం. ముందు స్ప్రింగుల మీద స్పేసర్లు, వెనుక కమాన్ కట్టలకూ ఇరుసుకూ మధ్య దిమ్మలు వేస్తే బండి రెండు అంగుళాలు లేస్తుంది. ఆ తర్వాత మలుపులో స్టీరింగ్ బరువెక్కినా, కింద టకటకమని చప్పుడొచ్చినా, ఫోర్ వీల్ లివర్ వెనక్కి రాకపోయినా అనుమానం తిన్నగా గేర్‌బాక్స్ మీదికి పోతుంది. దాన్ని విప్పించే ముందు ఇవి చూడండి.

మలుపులో ముందు చక్రాలు వెనుక చక్రాల కన్నా ఎక్కువ దూరం నడుస్తాయి. తిరుపతి జిల్లా శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు డి-మ్యాక్స్ వి-క్రాస్ సంగతే తీసుకుందాం. దాని రెండు ఇరుసుల మధ్య దూరం సుమారు 3.1 మీటర్లు. వెనుక ఇరుసు నడిమి భాగం 5.5 మీటర్ల వ్యాసార్ధంతో తిరిగితే ముందు ఇరుసు నడిమి భాగం 6.3 మీటర్ల వ్యాసార్ధంతో తిరగాలి. అంటే పావు చుట్టు తిరిగేసరికే ముందు చక్రాలు మీటరుకు పైగా అదనంగా దొర్లాలి. టూ వీల్‌లో ఉన్నంతసేపు దీనితో ఏ ఇబ్బందీ లేదు. ఫోర్ వీల్ వేయగానే ట్రాన్స్‌ఫర్ కేస్ ముందు, వెనుక షాఫ్టులను ఒకటిగా బిగించేస్తుంది. ఈ తరహా బండ్లలో మధ్య డిఫరెన్షియల్ ఉండదు కాబట్టి ఆ మీటరు తేడా ఎటూ పోలేక షాఫ్టుల్లో మెలిగా పేరుకుంటుంది. బురదలో, ఇసుకలో టైర్లు కాస్త జారి ఆ మెలిని వదిలించేస్తాయి. పొడి తారు రోడ్డు మీద ఆ వీలుండదు.

అందుకే మొదటి పరీక్షకు పైసా ఖర్చు లేదు. బండిని మెత్తటి మట్టిలోకి దించి, ఫోర్ వీల్‌లోనే తిప్పి చూడండి. బిగింపు పోయిందంటే అది బండి సహజగుణం, ఎత్తు పెంచకపోయినా ఉండేదే. టూ వీల్‌లో కూడా బిగింపు ఉంటే మాత్రం అసలు తప్పు వేరే చోట ఉంది.

ఇరుక్కున్న లివర్ రివర్సులో వదులుతుంది. స్టీరింగ్ నిటారుగా పెట్టి నాలుగైదు మీటర్లు వెనక్కి నడిపితే చాలాసార్లు మెలి విడిపోతుంది. బలవంతంగా లాగితే లోపలి ఫోర్కు వంగే ప్రమాదం ఉంది.

షాఫ్టు కొనల్లో ఉండే యూజే క్రాస్ (యూనివర్సల్ జాయింటు) ఒకే వేగంతో తిప్పదు. ఈ జాయింటును రాబర్ట్ హుక్ 17వ శతాబ్దంలోనే వివరించాడు. మోటారు బండ్లకు తగినట్టు మలిచి 1903లో పేటెంటు పొందినవాడు అమెరికా ఇంజినీరు క్లారెన్స్ స్పైసర్. షాఫ్టు వంపులో తిరిగినప్పుడు జాయింటు అవతలి భాగం ప్రతి చుట్టులో రెండుసార్లు వేగం పుంజుకుని, రెండుసార్లు నెమ్మదిస్తుంది. వంపు 10 డిగ్రీలైతే హెచ్చుతగ్గులు అటూ ఇటూ ఒకటిన్నర శాతం. 20 డిగ్రీలైతే 6 శాతం. 30 డిగ్రీలకు వెళితే 13 నుంచి 15 శాతం. ఎత్తు పెంచినప్పుడు బాగా పెరిగేది ఈ వంపే. కంపనం, ఉండి ఉండి పట్టినట్టు లాగడం ఇక్కడినుంచే పుడతాయి.

మరి మామూలు బండి ఎందుకు కంపించదు? షాఫ్టు రెండో చివర అంతే వంపుతో ఇంకో జాయింటు ఉండి మొదటిదాని తేడాను రద్దు చేస్తుంది కాబట్టి. అందుకు రెండు షరతులున్నాయి. ట్రాన్స్‌ఫర్ కేస్ అవుట్‌పుట్ షాఫ్టు, ఇరుసులోని పినియన్ ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. షాఫ్టు రెండు కొనల యోకులు ఒకే వరసలో ఉండాలి. వంపు తగ్గించాలన్న మంచి ఉద్దేశంతోనే ఏటవాలు దిమ్మలు వేసి పినియన్ మూతిని పైకి తిప్పేవాళ్లున్నారు. మామూలు రెండు జాయింట్ల షాఫ్టుకు అది నష్టమే చేస్తుంది. పైచివర జంట జాయింటు ఉన్న షాఫ్టుకే ఆ పద్ధతి నప్పుతుంది. ఇక రెండో షరతు తప్పేది షెడ్డులో. షాఫ్టు పొడవును సర్దే స్లిప్ జాయింటును ఊడదీసి, తిరిగి పెట్టేటప్పుడు పళ్లు ఒకటి రెండు అటుఇటు పడితే వరస చెడుతుంది. విప్పే ముందు రెండు ముక్కల మీదా ఒక గీత గీయించండి. దీన్ని నేను అడిగి మరీ చేయిస్తాను.

షాఫ్టు పొడవు కూడా మారుతుంది. ఇరుసు కిందికి వేలాడిన కొద్దీ స్లిప్ జాయింటు బయటికి సాగుతుంది. ఎత్తు పెంచిన బండిలో ఆ సాగుదల ముందే కొంత ఖర్చైపోయి ఉంటుంది. చక్రాలు గాలిలో ఉండేలా బండిని గట్టి స్టాండ్ల మీద నిలిపి, లోపల ఇంకా ఎంత పట్టు మిగిలిందో చూడాలి. జాకీ ఒక్కదాన్ని నమ్మి కిందికి దూరకండి.

అలా వేలాడదీసినప్పుడే ముందు చక్రాన్ని చేత్తో తిప్పండి. స్వతంత్ర సస్పెన్షన్ బండ్లలో ముందు సీవీ షాఫ్టులకూ వంపు పెరుగుతుంది. ప్రతి చుట్టులో ఒకే చోట పట్టేస్తే, రబ్బరు బూటు మడతలు ఒకదానికొకటి రాసుకుంటుంటే జాయింటు తన హద్దుకు చేరింది. ఎత్తు తగ్గించడమో, ముందు డిఫరెన్షియల్‌ను బ్రాకెట్లతో కిందికి దించడమో చేయాలి.

టైర్లు కూడా కారణం కావచ్చు. ముందు 30 అంగుళాలు, వెనుక 31 అంగుళాలైతే తిన్నని రోడ్డు మీద కూడా మూడు శాతం మెలి చేరుతూనే ఉంటుంది. క్రౌన్ పినియన్ మార్పించి ముందు 3.73, వెనుక 4.10 నిష్పత్తి పెట్టించినా అంతే, ఇంకా ఘోరం.

హ్యాండ్‌బ్రేక్ కేబుల్‌నూ అనుమానించాలి. వెనుక ఇరుసు కిందికి పోయేసరికి కేబుల్ బిగిసి బ్రేకులు కొద్దిగా పట్టుకునే ఉండొచ్చు. కాస్త దూరం నడిపాక వెనుక డ్రమ్ముల దగ్గర చెయ్యి పెట్టకుండానే వేడి తెలుస్తుంది.

బరువును బట్టి వెనుక బ్రేకు ఒత్తిడిని సర్దే వాల్వు కొన్ని పికప్‌లలో ఉంటుంది. ఛాసిస్‌కూ ఇరుసుకూ మధ్య దాని కడ్డీ ఉంటుంది. ఎత్తు పెంచితే ట్రక్కు నిండా సరుకున్నా ఖాళీగా ఉందనుకుని ఆ వాల్వు వెనుక బ్రేకును తగ్గిస్తుంది. షాఫ్టుల పని పూర్తయిన రోజే ఈ కడ్డీని కూడా కొత్త ఎత్తుకు సరిచేయించండి.