మా మామ సూది మందు ఆపిన నీళ్ల మిషిన్

పోయిన ఎండకాలం మా కొల్లూరుల ఒకాయన టేబుల్ ఏసుకొని నీళ్ల మిషిన్ అమ్మిండు. రెండు గ్లాసులల్ల రంగు చుక్కలు ఏసిండు. నిమ్మసోడ ఎర్రగైంది, మిషిన్ నీళ్లు నీలంగైనయ్. "చూసిన్రా, మీ రక్తం గిట్ల పుల్లగైతున్నది. అందుకే గ్యాసు, అందుకే షుగరు. ఈ ఆల్కలైన్ నీళ్లు తాగితే మందులే అక్కెర లేదు" అన్నడు. నక్కవాగు రంగు మారంగ చూసిన ఏరియా మాది. నీళ్లంటేనే భయపడే జనానికి నీళ్ల మిషిన్ అమ్ముడు ఎంత సేపు?

మా మేనమామ కొన్నడు. ఏండ్ల సంది షుగరు ఉన్న మనిషి, రోజూ ఇన్సులిన్ తీసుకుంటడు. నీళ్లు మొదలువెట్టి సూది బంద్ వెట్టిండు. మూడో దినం వాంతులు. పండుకున్న మనిషి మెట్లెక్కుతున్నట్టు లోతుగ, జల్ది జల్ది ఊపిరి తీస్తున్నడు. నోట్లకెల్లి మాగిన పండు వాసన. దమ్ము లేచిందనుకున్నం. దవాఖాన్ల డాక్టర్ చెప్పిండు: "ఊపిరితిత్తులు మంచిగనే ఉన్నయ్. రక్తంల ఆమ్లం పెరిగింది, దాన్ని బయటికి నూకుతున్నయ్."

ఆ మాట అర్థం చేసుకుందామని చదివిన. చదివింది మీకు చెప్త.

ఆమ్లాన్ని కొలిచే లెక్క పీహెచ్. 7 నడిమిట్ల ఉంటది. కిందికి పోతే ఆమ్లం, పైకి పోతే క్షారం. ఒక్క మెట్టు మారితే పదింతల తేడా. ఫ్యాక్టరీ నీళ్లు వాగులకు ఇడువాలంటే మన దేశంల రూలు 5.5 నుంచి 9 దాక ఒప్పుకుంటది. రక్తానికి అంత సందు లేదు. 7.35 నుంచి 7.45, అంతే.

తిన్నది అరిగినా, కండ కదిలినా ఒంట్ల ఆమ్లం పుడుతనే ఉంటది. దానికి ముగ్గురు కావలోళ్లున్నరు. మొదటిది రక్తంలనే ఉండే బైకార్బనేట్. ఫ్యాక్టరీలల్ల ఆమ్లం నీళ్లను సున్నంతోని విరిచినట్టు, ఇది ఆమ్లాన్ని పుట్టంగనే పట్టుకుంటది. అప్పుడు కార్బన్ డయాక్సైడ్ తయారైతది.

రెండోది ఊపిరి. ఆ కార్బన్ డయాక్సైడ్ రక్తంల నిలిస్తే మళ్ల ఆమ్లమే. మెదడు పసిగట్టి ఊపిరి వేగం పెంచుతది, నిమిషాలల్ల బయటికి పంపుతది.

మూడోది కిడ్నీ. దీని పని నిదానం, గంటలు, దినాలు పడుతది. ఖర్చైన బైకార్బనేట్‌ను మళ్ల తయారుచేస్తది. ఊపిరితోని పోని ఆమ్లాన్ని ఫాస్ఫేట్, అమ్మోనియాలకు అంటగట్టి మూత్రంల పంపుతది. రక్తంల, మూత్రంల ఫాస్ఫరస్ ఎంతున్నదో కొలిచే పద్ధతిని 1925ల సైరస్ ఫిస్కేతోని కలిసి లోకానికి ఇచ్చింది భీమవరంల పుట్టిన మన యెల్లాప్రగడ సుబ్బారావే.

ఇగ మామ సంగతి. ఇన్సులిన్ లేకుంటే రక్తంల చక్కెర ఎంతున్నా కణాలకు అందది. ఒళ్లు కొవ్వును కాలుస్తది, కీటోన్ ఆమ్లాలు కుప్పలువడ్తయ్. బైకార్బనేట్ కరిగిపోతది, కిడ్నీ అందుకోలేకపోతది. ఊపిరి ఒక్కటే ఉరుకుతది. ఆ ఎగపోత పానం కాపాడుకునే పెనుగులాట. సెలైన్, ఇన్సులిన్ ఎక్కించినంకనే నెమ్మదించింది.

మరి మిషిన్ నీళ్లు ఏం చేసినట్టు? కడుపుల రసం పీహెచ్ 1.5 నుంచి 3 దాక ఉంటది. ఆ నీళ్లల్ల ఉన్న కొద్దిపాటి క్షారం ఆడికి పోంగనే విరుగుతది. ఏమన్న మిగిలినా కిడ్నీ బయట పారవోస్తది. రక్తం మారది.

ఆ రంగు చుక్కలు పీహెచ్ తప్ప ఇంకేం చూపయ్. 2007ల స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు శుద్ధి ప్లాంటుల నుంచి బయటికొచ్చే నీళ్లల్ల సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాక ఉన్నదని తేల్చిన్రు. అసొంటి మందు నీళ్లల్ల ఉన్నా చుక్కలల్ల కనవడది. అంటే మన భయం ఉత్తది కాదు. కానీ దాని జవాబు మిషిన్ల లేదు. శుభ్రమైన నీళ్లు సర్కారును, కంపెనీలను అడిగి తెచ్చుకోవాలె.

షుగరు ఉన్నోళ్లకు వాంతులు, లోతైన ఊపిరి, నోట్ల పండు వాసన, మత్తు కనవడితే ఆగొద్దు, 108కు ఫోన్ కొట్టున్రి. డాక్టర్‌ను అడగకుండ ఇన్సులిన్ ఆపొద్దు. నొప్పి గోలీలు రోజూ మింగి కిడ్నీని ఖరాబ్ చేసుకోవద్దు. ఒంట్ల ఆమ్లాన్ని మోసేది అవే. వాటిని కాపాడుకుంటే అవి మనల్ని కాపాడ్తయ్.