మే నెల కరెంటు బిల్లు చూపిస్తారా?

ఆమధ్య ఒక ఫ్లాటు చూడ్డానికి వెళ్లాను. ఐదంతస్తుల్లో ఐదోది. రాత్రి ఎనిమిదిన్నర దాటింది. పడమటి బెడ్‌రూమ్ గోడమీద చెయ్యి ఆనిస్తే పొయ్యి మీంచి అప్పుడే దించిన అట్లపెనం పక్కన నిలబడ్డట్టుంది. బ్రోకరు నా మొహం చూసి, "టాప్ ఫ్లోర్ కదండీ, అందుకే ఎస్ఎఫ్‌టీకి రెండొందలు తగ్గించి చెబుతున్నారు" అన్నాడు. ఇంటి వేడికీ మార్కెట్లో ఒక రేటు ఉందని నాకు అక్కడే అర్థమైంది. దాన్ని మనం ఆ పేరుతో పిలవం, అంతే.

అమెరికాలో ఈ రేటును 1998లోనే లెక్కకట్టారు. రిక్ నెవిన్, గ్రెగరీ వాట్సన్ అనే ఇద్దరు ఇళ్ల ధరలనూ ఇంధన బిల్లులనూ పక్కపక్కన పెట్టి చూశారు. ఏడాది బిల్లు ఒక్క డాలరు తగ్గితే ఇంటి ధర సుమారు 20 డాలర్లు పెరుగుతోందని తేల్చారు. ఇరవయ్యే ఎందుకంటే, పన్ను మినహాయింపు పోను అప్పట్లో అక్కడి గృహరుణం వడ్డీ 5 శాతం దరిదాపుల్లో పడేది. ఇంటికి 20 డాలర్లు ఎక్కువ పెడితే ఏడాదికి కట్టే వడ్డీ ఒక డాలరు. బిల్లులో మిగిలేదీ ఒక డాలరే. చెల్లుకు చెల్లు.

అదే లెక్క మన దగ్గర వేద్దాం. వడ్డీ ఎనిమిదిన్నర శాతం అనుకుంటే రూపాయికి పదకొండు, పన్నెండు రూపాయలు వస్తాయి. నెలకు సగటున 500 మిగిల్చే ఇల్లు అంటే ఏడాదికి 6,000. అలాంటి ఇంటికి 70 వేలు ఎక్కువిచ్చినా నష్టం లేదన్నమాట. ఇది నా కాగితం మీది లెక్కే సుమా, ఏ బ్యాంకు మేనేజరూ ఒప్పుకోడు.

ఫ్రిజ్ కొనేటప్పుడు స్టార్లు లెక్కపెడతాం. ఆ లేబుళ్లు మన దేశంలో 2006లో మొదలయ్యాయి. యూరప్‌లో ఇళ్లకే అలాంటి అక్షరాలు అంటిస్తారు. నెదర్లాండ్స్‌లో 2008 నుంచి ఇల్లు అమ్మేవాడు ఇంధన సర్టిఫికెట్ చూపాలి. కానీ చట్టంలో ఒక చిల్లు పెట్టారు: కొనేవాడు "నాకక్కర్లేదు" అని సంతకం చేస్తే అప్పట్లో సరిపోయేది! చాలామంది చేసేశారు కూడా. అయినా లేబుల్ ఉన్న ఇళ్లను పరిశీలించిన ఆర్థికవేత్తలకు ఎ, బి, సి వచ్చిన ఇళ్లు మిగతావాటికంటే దాదాపు నాలుగు శాతం ఎక్కువ ధర పలికినట్టు కనిపించింది.

ఇంగ్లండ్, వేల్స్ ఇంకాస్త గట్టివి. అక్కడ అక్షరాలు ఎ నుంచి జి వరకు. 2018 ఏప్రిల్ నుంచి ఎఫ్, జి వచ్చిన ఇంటిని, కొన్ని మినహాయింపులు తప్ప, కొత్తగా అద్దెకివ్వడం కుదరదు. తమాషా ఏమిటంటే, అదే ఇంగ్లండ్‌లో 1696 నుంచి 1851 దాకా కిటికీలను లెక్కపెట్టి పన్ను వేశారు. జనం పన్ను తప్పించుకోవడానికి కిటికీల్లో ఇటుకలు పేర్చేశారు. ఆ పూడ్చిన కిటికీలు పాత వీధుల్లో ఇప్పటికీ కనిపిస్తాయి.

మనకు కిటికీ పన్ను లేదు. కిటికీలూ లేవు. 2018 డిసెంబరులో వచ్చిన ఇళ్ల ఇంధన పొదుపు నియమావళి 'ఎకో నివాస్ సంహిత' ప్రకారం, విశాఖలాంటి ఉక్కపోత ఊళ్లలో కార్పెట్ ఏరియాలో ఆరో వంతు, హైదరాబాద్‌లాంటి చోట ఎనిమిదో వంతు గాలికి తెరుచుకునేలా ఉండాలి. 'తెరుచుకునే' అన్న మాట దగ్గర ఆగండి. రెండు రెక్కల స్లైడింగ్ కిటికీ ఎంత జరిపినా సగమే తెరుచుకుంటుంది. ఐదడుగులకు నాలుగడుగుల కిటికీ అంటే ఇరవై చదరపు అడుగులు కాదు, పదే. పాతకాలపు చెక్క రెక్కల కిటికీ అయితే నిండా ఇరవై.

ఇక ఈస్ట్ ఫేసింగ్. దీనికి ఎక్కువ పెట్టని తెలుగువాడు అరుదు. అయితే ఫ్లాట్లలో ఫేసింగ్ అంటే వీధి కాదు, గుమ్మం. గుమ్మం తూర్పు కారిడార్లోకి తెరుచుకుంటే బాల్కనీ చాలాసార్లు పడమటికి పడుతుంది. పైగా మాస్టర్ బెడ్‌రూమ్ నైరుతిలో ఉండాలాయె. వేసవిలో పొద్దువాలేదాకా ఎండ కొట్టే పడమటి గోడ ఆ గదికీ ఉంటుంది. ఎక్కువిచ్చి కొన్న ఫేసింగే ఎక్కువ ఏసీ తిప్పిస్తుందన్నమాట. వాస్తుతో నాకు పేచీ లేదు. కానీ పడమటెండ ఏటవాలుగా వస్తుంది కాబట్టి నెత్తిన సన్‌షేడ్ వేసినంత మాత్రాన ఆగదు. నిలువుగా జాలీయో, మన తాతలు కట్టి నీళ్లు చల్లిన వట్టివేళ్ల తడికో కావాలి.

హరిత భవనాలకిచ్చే లీడ్ ప్లాటినం రేటింగ్‌ను అమెరికా బయట అందుకున్న మొట్టమొదటి భవనం హైదరాబాద్‌లోనే ఉంది. హైటెక్ సిటీ దాపున ఉన్న సీఐఐ-సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్. 2004 జులైలో అబ్దుల్ కలాం ప్రారంభించారు. గుండ్రటి కట్టడం, నడిమధ్య ఆరుబయలు, పైకప్పు మీద తోట, గాలిని ముందే చల్లబరిచి లోపలికి పంపే గోపురాలు. గుండ్రంగా కట్టడం ఉత్తరాంధ్ర చుట్టిళ్లకు తెలుసు. నడుమ ఆకాశం వదలడం గోదావరి మండువా లోగిళ్లకు తెలుసు. వాటికి ఏ ప్లాటినమూ రాలేదు. మండువా ఇల్లు అమ్మకానికి వస్తే స్థలానికో రేటు, టేకు స్తంభాలకో రేటు కడతారు. చల్లదనానికి సున్నా.

ఇప్పటి గోడల సంగతికొస్తే, తేలిక ఇటుకలని మేస్త్రీలు పిలిచే ఏఏసీ బ్లాకును నీళ్ల తొట్టిలో వేసి చూడండి, తేలుతుంది. లోపలంతా గాలి బుడగలే. వేడిని తొందరగా లోపలికి పోనివ్వనిదీ ఆ బుడగలే. గోడ గడియారం కోసం కొట్టిన మేకు ఊడి చేతికి వచ్చేదీ వాటివల్లే.

డాబాకు సున్నం కొట్టడం తెలియనివారు లేరు, వానకు కారిపోకుండా అందులో ఫెవికాల్ కలపడంతో సహా. తెలంగాణ 2023లో దాన్ని విధానంగానే తెచ్చింది. దేశంలో కూల్ రూఫ్ పాలసీ తెచ్చిన మొదటి రాష్ట్రం ఇదే. 600 గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్లకు చల్లని పైకప్పు తప్పనిసరి అంది. ఐదేళ్లలో 300 చదరపు కిలోమీటర్ల కప్పులు చల్లబరచాలన్నది లక్ష్యం.

సోలార్ పలకలు ఇంటి ధర పెంచుతాయా? 2015లో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్ ఎనిమిది రాష్ట్రాల్లో సుమారు 22,000 అమ్మకాలు చూసి, వాటుకు 4 డాలర్ల చొప్పున పెరిగిందని చెప్పింది. మన దగ్గర 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. అపార్టుమెంట్లో మాత్రం పలకల ధరకంటే ముందు తేలాల్సింది టెర్రస్ ఎవరిదన్నది. దానిమీద వడియాలు పెట్టుకోవడానికే సగం బిల్డింగుల్లో పంచాయితీ.

ఆ టాప్ ఫ్లోర్ ఫ్లాటు ఓనరు నాకు లింకు డాక్యుమెంట్లు, ఈసీ, ఆస్తిపన్ను రసీదులు, ప్లాను కాపీ అన్నీ ఒక పచ్చ ఫైలులో పెట్టి ఇచ్చాడు. "పోయిన మే నెల కరెంటు బిల్లు కూడా ఉందాండీ?" అని అడిగాను. ఆయన ఫైలు మొత్తం ఒకసారి తిరగేశాడు.

"అదెలా ఉంటుందండీ," అన్నాడు, "అద్దెకున్నవాళ్లు కట్టుకున్నారు కదా."