మూడో అంతస్తులో బీఏ

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ దిగి ఏ సందులోకి మళ్లినా బోర్డులే. గ్రూప్స్, ఎస్సై, బ్యాంకు పరీక్షలు, జావా, పైథాన్, స్పోకెన్ ఇంగ్లిష్, లేడీస్ హాస్టల్, బాయ్స్ హాస్టల్. వాటి మధ్య డిగ్రీ కాలేజీ బోర్డు కనపడాలంటే తలెత్తి చూడాలి. కింద బట్టల షాపు, దానిపైన కోచింగ్ సెంటర్, ఆ పైన కాలేజీ. ఆటస్థలం ఉండదు. రెండు గదుల్ని కలిపి సెమినార్ హాల్ అంటారు. ఆఫీసు గదిలోని గాజు తలుపుల బీరువాయే చాలాచోట్ల లైబ్రరీ. చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతిశాస్త్రం కలిపి చదివే బీఏ విద్యార్థి మూడేళ్ల జీవితం ఇక్కడే మొదలవుతుంది.

అమెరికాలో ఇవే సబ్జెక్టులను చిన్న కాలేజీలో, తక్కువమంది పిల్లలకు, మాస్టారు పేరుపెట్టి పిలిచేంత దగ్గరగా చెబితే దాన్ని లిబరల్ ఆర్ట్స్ కాలేజీ అంటారు. మసాచుసెట్స్‌లోని ఆమ్‌హర్స్ట్ కాలేజీ అందులో పేరుమోసింది. అక్కడ ఉండేది దాదాపు 1,900 మంది. ఏడెనిమిది మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు. మన దగ్గర ఆ పద్ధతిలో నడుస్తున్నది శ్రీసిటీలోని క్రియా విశ్వవిద్యాలయం. 2018లో ఏర్పడి, 2019లో డిగ్రీ తరగతులు మొదలుపెట్టింది. అక్కడి ఫీజు ఏడాదికి లక్షల్లో ఉంటుంది.

ఇప్పుడు మన లెక్క చూద్దాం. తెలంగాణలో డిగ్రీ ప్రవేశాలు 2016 నుంచి దోస్త్ అనే ఆన్‌లైన్ విధానం ద్వారా జరుగుతున్నాయి. దాని పరిధిలో ఉన్నవి అటూ ఇటుగా వెయ్యి కాలేజీలు. ఇటీవలి సంవత్సరాల్లో 4 లక్షల పైచిలుకు సీట్లుంటే చేరుతున్నది 2 లక్షల దరిదాపుల్లోనే. అంటే కాలేజీకి సగటున ఏడాదికి 200 మంది, మూడేళ్లకు కలిపి 600. ఆమ్‌హర్స్ట్‌లో మూడో వంతు! ఏటా పదుల కాలేజీల్లో ఒక్కరూ చేరడం లేదు. చేరినవారిలో ప్రతి ఐదుగురికీ దాదాపు ఇద్దరు బీకాం వైపే వెళుతున్నారు. కాబట్టి చాలా ప్రైవేటు కాలేజీల్లో బీఏ తరగతి అంటే ముప్పై, నలభై మంది.

దేశమంతటా ఇదే తీరు. అఖిల భారత ఉన్నత విద్యా సర్వే 2019-20 నివేదిక ప్రకారం 16.6 శాతం కాలేజీల్లో వందమంది కూడా లేరు. మరో 48.9 శాతం కాలేజీల్లో ఉన్నది 100 నుంచి 500 మంది. తెలంగాణలో ఇది ఇంకాస్త ఎక్కువ. 2021-22 సర్వేలో 18-23 ఏళ్ల వయసున్న ప్రతి లక్షమందికి దేశ సగటు 30 కాలేజీలైతే ఇక్కడ 52. రాష్ట్రాల్లో మనకంటే ముందున్నది 66తో కర్ణాటక ఒక్కటే. ఇన్ని కాలేజీలు రావడానికి 2008-09లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ పెద్ద కారణం. ఫీజు ప్రభుత్వం కడుతుందన్న భరోసా పేదింటి పిల్లలకు డిగ్రీ తలుపు తెరిచింది. ఆ మేలును తక్కువ చేసి చూడకూడదు. తెలంగాణలో ఉన్నత విద్యలో చేరేవారి శాతం 2021-22 నాటికి 40కి చేరింది. దేశ సగటు 28.4 దగ్గరే ఉంది.

కాబట్టి చిన్న కాలేజీలకు మనకు కొదవ లేదు. చిన్న కాలేజీలో దక్కాల్సిన చదువు దక్కుతున్నదా అన్నదే అసలు ప్రశ్న. నా దృష్టిలో దక్కడం లేదు. ఎందుకు దక్కడం లేదో తెలియాలంటే విద్యార్థి సమయాన్నీ డబ్బునూ విడివిడిగా లెక్కేసి చూడాలి.

ముందుగా సమయం. 2025-26లో డిగ్రీ సిలబస్ మార్పులతో మూడేళ్ల కోర్సు క్రెడిట్లు 150 నుంచి 142కు తగ్గాయి. ఒక క్రెడిట్ అంటే సెమిస్టర్‌లో 15 గంటల పాఠం. 142 క్రెడిట్లంటే 2,130 గంటలు. ఆరు సెమిస్టర్లకు పంచితే వారానికి 24 గంటలు, ఆరు రోజుల వారంలో రోజుకు 4 గంటలు. పొద్దున తొమ్మిదిన్నరకు మొదలైతే మధ్యాహ్నం ఒంటిగంటన్నరకల్లా కాలేజీ అయిపోతుంది. పరీక్ష రాయడానికి 75 శాతం హాజరు కావాలి కనుక తప్పనిసరిగా కూర్చోవాల్సింది వారానికి 18 గంటలే. మధ్యాహ్నం తర్వాత ఆ భవనంలో విద్యార్థి ఆగడానికి చోటూ లేదు, కారణమూ లేదు.

ఆ పిల్లలు ఎక్కడికి వెళతారు? దిల్‌సుఖ్‌నగర్ ప్రాంతం పటం చూస్తే సగం జవాబు దొరుకుతుంది. విజయవాడ హైవే, సాగర్ రోడ్డు రెండూ ఎల్బీనగర్ దగ్గరే నగరంలోకి వస్తాయి. సూర్యాపేట, ఖమ్మం, నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ బస్సు దిగినవాళ్లకు నగరంలో మొదట తగిలే చోటు ఇదే. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట-ఎల్బీనగర్ మెట్రో మొదలయ్యాక ఇక్కడుంటే నగరమంతా దగ్గరైంది. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం వచ్చాక అమ్మాయిలకు ఆర్టీసీ సిటీ బస్సుల్లో టికెట్ ఖర్చు పోయింది. హయత్‌నగర్ నుంచో ఇబ్రహీంపట్నం నుంచో రోజూ వచ్చి చదువుకునే ఆడపిల్లకు ఇది చిన్న విషయం కాదు. మగపిల్లలకు ఆ వెసులుబాటు లేదు. మెట్రో ఎక్కుదామంటే, 2025 మేలో చార్జీలు పెంచి పది శాతం రాయితీ ఇచ్చాక, కనీస టికెట్ 11 రూపాయలు, గరిష్ఠం 69.

ఊరి నుంచి వచ్చినవాళ్లు గడ్డిఅన్నారం, చైతన్యపురి, కొత్తపేట హాస్టళ్లలో దిగుతారు. గదిలో ఎంతమంది అన్నదాన్ని బట్టి మనిషికి నెలకు 5 వేల నుంచి 8 వేల దాకా. 6 వేలు అనుకున్నా పది నెలలకు 60 వేలు. మామూలు బీఏ ఏడాది ఫీజు చాలాచోట్ల అందులో మూడో వంతు కూడా ఉండదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆ చిన్న మొత్తానికే వర్తిస్తుంది. అదీ కుటుంబ ఆదాయం పల్లెల్లో 1.5 లక్షలు, పట్టణాల్లో 2 లక్షల లోపున్న బీసీ, ఈబీసీ పిల్లలకు. ఎస్సీ, ఎస్టీలకూ ఆదాయ పరిమితి ఉంది. అద్దె, తిండి ఇంటి మీదే. అందుకే మధ్యాహ్నం షాపులో సేల్స్‌బాయ్‌గానో, రాత్రి ఫుడ్ డెలివరీ బండి మీదో పనిచేసే డిగ్రీ పిల్లలు ఇక్కడ అడుగడుగునా కనిపిస్తారు. 5 రూపాయల భోజనం క్యాంటీన్ దగ్గర, మెడలో ఐడీ కార్డుతో, కూలీల పక్కనే వరుసలో నిలబడే కుర్రాళ్లు వీళ్లే.

ఆ ఫీజు రీయింబర్స్‌మెంట్ సొమ్మయినా సకాలంలో రాకపోతే భారం పిల్లల మీదే పడుతుంది. బకాయిల కోసం 2025 నవంబరు 3న ప్రైవేటు కాలేజీలు నిరవధిక బంద్‌కు దిగి, ప్రభుత్వంతో చర్చల తర్వాత 7న విరమించాయి. బంద్ ముగిసినా కాలేజీకి డబ్బు అందేవరకు సర్టిఫికెట్లు చేతికి రాని విద్యార్థులు ఉంటారు. కోర్సు పూర్తిచేసి, పీజీలో చేరాల్సిన వేళ టీసీ కోసం ఆఫీసు చుట్టూ తిరగడం ఏ పిల్లకూ న్యాయం కాదు.

అన్నిటికంటే బాధ కలిగించే లెక్క కోచింగ్‌ది. బీఏలో చేరేవారిలో చాలామంది గురి గ్రూప్స్ మీదే. 2024లో గ్రూప్-1కు 563 పోస్టులుంటే దరఖాస్తులు 4.03 లక్షలు, పోస్టుకు 715 మందికి పైగా. గ్రూప్-2కు 783 పోస్టులుంటే 5.51 లక్షలు, పోస్టుకు 704 మంది. గ్రూప్-2 మొత్తం 600 మార్కులు, నాలుగు పేపర్లు. జనరల్ స్టడీస్ పేపరు పోను మిగతా మూడింటిలో చరిత్ర, రాజ్యాంగం, సమాజం, ఆర్థిక వ్యవస్థ, తెలంగాణ ఉద్యమం. బీఏ హిస్టరీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్ పుస్తకాల్లో అధిక భాగం ఇదే. పొద్దున రెండో అంతస్తు దాటి పైకెళ్లి రాజ్యాంగం పాఠానికి హాజరు వేయించుకున్న విద్యార్థి, సాయంత్రం అదే రెండో అంతస్తులో పదులవేలు కట్టి మళ్లీ రాజ్యాంగమే వింటున్నాడు. అక్కడ నూర్లమంది, మైకు, ప్రొజెక్టర్. పైన ముప్పై మందే ఉన్న గదిలో జరగాల్సిన చర్చ జరగలేదు. తరగతి చిన్నదే, కానీ అక్కడ చెప్పే అధ్యాపకుడు గంటకు ఇంత అని తీసుకుని, మరో కాలేజీకి పరుగెత్తాల్సినవాడు. ఆ అధ్యాపకుడి తప్పు ఇందులో లేదు. అతని జీతమే అతన్ని ఒకచోట నిలవనివ్వదు.

ఆ తర్వాత రీడింగ్ రూమ్. నెలకు వెయ్యి రూపాయల చొప్పున, ప్లైవుడ్ అడ్డుపలకల మధ్య ఒక కుర్చీ, ఒక ప్లగ్ పాయింట్, తలపైన చిన్న లైటు. గోడకు తెలంగాణ పటం, పక్కన పరీక్ష తేదీ. రాత్రి పదకొండు దాటినా సీట్లు ఖాళీ ఉండవు. కాలేజీలో ఒక లైబ్రరీ సాయంత్రం దాకా తెరిచి ఉంచితే ఈ ఖర్చు తప్పేది. విద్యార్థులకు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటూ చదివే అవకాశమూ ఉండేది. మూడేళ్లలో ఒక పుస్తకం మీద వాదించుకున్న స్నేహితులు దొరక్కపోతే అది డిగ్రీ చదువు ఎలా అవుతుంది?

దగ్గర్లో వేరే దారి లేకపోలేదు. హయత్‌నగర్‌లో ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఉంది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి మెట్రోలో ఐదో స్టేషన్ ఉస్మానియా మెడికల్ కాలేజీ. అక్కడ దిగితే 1924లో మొదలైన కోఠి మహిళా కళాశాల, ఇప్పటి చాకలి ఐలమ్మ మహిళా విశ్వవిద్యాలయం. ఇంకాస్త ముందుకెళితే 1887 నాటి నిజాం కాలేజీ. సీటు వస్తే ఇంటి దగ్గర కాదని వీటిని వదులుకోవద్దు.

ప్రైవేటు కాలేజీ తప్పనిసరి అయితే వెబ్ ఆప్షన్ పెట్టే ముందు ఒక పనిదినాన, పదకొండు గంటల వేళ, తల్లిదండ్రులు పిల్లలతో కలిసి కాలేజీకి వెళ్లి చూడాలి. హిస్టరీ ఎవరు చెబుతారు, ఎన్నేళ్లుగా ఉన్నారు, లైబ్రరీ ఎన్నింటికి మూస్తారు అని అడగాలి. రెండో సంవత్సరం పిల్లలతో ఐదు నిమిషాలు మాట్లాడాలి. ఏ కాలేజీలో ఏ సబ్జెక్టుకు రెగ్యులర్ అధ్యాపకులు ఎంతమంది ఉన్నారో ఉన్నత విద్యామండలి దోస్త్‌లోనే, కాలేజీ పేరు పక్కనే చూపించాలి. దోస్త్ ప్రకటన సాధారణంగా మే నెలలో వస్తుంది. మొదటి విడత రిజిస్ట్రేషన్ రుసుము 200 రూపాయలు, ఆ తర్వాతి విడతల్లో 400.