తూము ఎగువనా, దిగువనా?

అరసవల్లి చుట్టుపట్ల వరి మళ్ళను చూసినవారికి ఈ ఏర్పాటు తెలిసే ఉంటుంది. కాలువ నీరు మడిలోకి రావడానికి ఎగువన ఒక తూము, మురుగులోకి పోవడానికి దిగువన మరొక తూము ఉంటాయి. పారుదల ఆపడానికి ఏది మూసినా చాలు. అయితే దిగువది మాత్రమే మూసి ఎగువది తెరిచి ఉంచితే, దిగువ గట్టులో పీత బొక్క పడగానే నీరు ఎవరి అనుమతీ లేకుండా పారుతుంది. ఎగువది మూసి ఉంటే, మడిలో ఉన్న కాస్త నీరు పోవచ్చు గాని, కాలువ నీరు పారదు.

కర్మాగారాల్లో యంత్రాలను క్రమం తప్పకుండా నడిపే పి.ఎల్.సి. అనే నియంత్రకంలోనూ ఇదే ప్రశ్న. ఇది 1960ల చివర అమెరికాలో మోటారు కార్ల పరిశ్రమ అవసరాల కోసం పుట్టింది. దాని ఔట్‌పుట్ వద్ద స్విచ్చివలె పనిచేసే ట్రాన్సిస్టరు ధనధ్రువం వైపు ఉంటే ప్రవాహాన్ని ఇస్తుంది, అది సోర్సింగు. ఋణధ్రువం వైపు ఉంటే ప్రవాహాన్ని తనలోకి తీసుకుంటుంది, అది సింకింగు.

ఒక బియ్యపు మిల్లులో ధాన్యాన్ని పైకెత్తే ఎలివేటరును పి.ఎల్.సి. నడుపుతున్నదనుకోవచ్చు. ఔట్‌పుట్ 24 వోల్టుల రిలే కాయిలును పనిచేయిస్తుంది. ఆ రిలే కాంటాక్టరు ద్వారా మోటారును నడుపుతుంది. కాయిలు నిరోధం 600 ఓములైతే ప్రవాహం 40 మిల్లీ ఆంపియర్లు. మిల్లు ఇనుప చట్రం, సరఫరా ఋణధ్రువం రెండూ భూమికి కలిపి ఉన్నాయి.

సింకింగు పద్ధతిలో కాయిలు ఒక కొన ఎప్పుడూ 24 వోల్టులకు అంటుకొనే ఉంటుంది. రెండవ కొన నుండి ట్రాన్సిస్టరుకు వచ్చే తీగ అదురుకో, ఎలుక పంటికో తొడుగు పోయి చట్రాన్ని తాకితే, ప్రవాహానికి దొంగదారి దొరుకుతుంది. ఆ 40 మిల్లీ ఆంపియర్లు మామూలు ప్రవాహమే కనుక ఫ్యూజుకు అనుమానం రాదు. పి.ఎల్.సి. దీపం వెలగదు, కాని ఎలివేటరు కదులుతుంది. బెల్టులో చిక్కిన గడ్డి తీస్తున్న కూలివాని చెయ్యి అప్పుడు అక్కడ ఉండవచ్చు.

సోర్సింగులో కాయిలు ఒక కొన ఋణధ్రువానికి స్థిరంగా కలిపి ఉంటుంది. ట్రాన్సిస్టరు ఆగి ఉండగా తీగ చట్రాన్ని తాకినా ఏమీ జరగదు. పనిచేస్తుండగా తాకితే షార్టు అయి ఫ్యూజు పోతుంది, యంత్రం ఆగుతుంది. భూసంపర్క దోషం వల్ల యంత్రం తనంత తాను కదలరాదని అంతర్జాతీయ ప్రమాణం ఐ.ఇ.సి. 60204-1 కోరుతుంది.

మరి సింకింగు ఎందుకు వచ్చింది? సిలికానులో ఎలక్ట్రానులు రంధ్రాలకన్న సుమారు మూడు రెట్లు చురుకుగా కదులుతాయి. అందువల్ల ఎన్.పి.ఎన్. ట్రాన్సిస్టరు చౌకగా, సులువుగా కుదిరింది. జపాను యంత్రాల్లో ఈ పద్ధతి విరివిగా కనిపిస్తుంది. ఐరోపాలో సోర్సింగు వాడుక. నేడు ఆ ధర తేడా పెద్దది కాదు. కొత్త యంత్రానికి సోర్సింగే మేలు; పాత సింకింగు యంత్రానికి మాత్రం దానికి తగినదే పెట్టాలి, లేదా నడుమ రిలే వేయాలి.

ట్రాన్సిస్టరే పాడై లోపల షార్టు అయితే ఏ పద్ధతీ కాపాడదు. అందుకే అత్యవసరంగా ఆపే మీటకు వేరే వలయం ఉండితీరాలి.

తరగతిలో దీనిని రెండు టార్చి సెల్సు, ఒక బల్బు, ఒక స్విచ్చితో చూపవచ్చు. స్విచ్చిని ఋణధ్రువం వైపు పెట్టి ఆపి ఉంచి, బల్బుకూ స్విచ్చికీ నడుమ తీగను ఋణధ్రువానికి తాకిస్తే బల్బు వెలుగుతుంది. స్విచ్చిని ధనధ్రువం వైపు మార్చి అదే చేస్తే వెలగదు. ఈ రెండవ అమరికలో స్విచ్చి వేసి ఉండగా మాత్రం తాకించరాదు, సెల్సు షార్టు అవుతాయి. మిల్లులో ఫ్యూజు పోయేది సరిగ్గా అప్పుడే.