టైరు రాపిడి (మోటారు కార్లు)

టైరు రాపిడి అనగా కారు నడుస్తున్నపుడు టైరు దాని చుట్టూ ఉండే మడ్‌గార్డు అంచుకు గాని, లోపలి ప్లాస్టిక్ తొడుగుకు గాని, సస్పెన్షన్ భాగాలకు గాని తగిలి ఒరుసుకొనుట. మెకానిక్కులు దీనిని "టైరు తగలడం" అంటారు. ఎత్తు తగ్గించిన కార్లలోను, పెద్ద టైర్లు లేక వెడల్పు రిమ్ములు అమర్చిన కార్లలోను ఇది ఎక్కువగా కనిపిస్తుంది. రాపిడి ఒక లక్షణం మాత్రమే. ఏ కొలత మారినందువల్ల అది కలిగినదో తెలుసుకొని ఆ కొలతను సరిచేయుటయే శాశ్వత పరిష్కారం.

నేపథ్యం

శ్రీ సత్యసాయి జిల్లాలోని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాలలో పెనుకొండ 44వ నెంబరు జాతీయ రహదారిని ఆనుకొని ఉన్నది. పెనుకొండ సమీపాన ఎర్రమంచి వద్ద గల కియా కర్మాగారంలో 2019 నుండి కార్లు తయారవుతున్నాయి. ఏ కర్మాగారంలోనైనా స్ప్రింగు ఎత్తు, రిమ్ము వెడల్పు, టైరు కొలత ఒకదానికొకటి సరిపడునట్లు నిర్ణయిస్తారు. నిండు బరువుతో గతుకులో పడినా టైరు దేనికీ తగలకుండా ఖాళీ వదులుతారు. తరువాత చేసే మార్పులు ఈ ఖాళీనే హరిస్తాయి.

కారణాలు

* ఎత్తు తగ్గించుట: పొట్టి స్ప్రింగులు వేసినపుడు టైరుకు, మడ్‌గార్డుకు మధ్య దూరం తగ్గుతుంది. పాతబడి కుంగిన స్ప్రింగుల వల్ల కూడా ఇదే జరుగుతుంది.
* టైరు కొలత: 185/65 ఆర్15 టైరు వ్యాసం సుమారు 621 మి.మీ. 195/55 ఆర్16 టైరు వ్యాసం కూడా దాదాపు అంతే. కాని 205/65 ఆర్15 టైరు వ్యాసం సుమారు 647 మి.మీ. అనగా టైరు పైభాగాన 13 మి.మీ., ఇరువైపులా 10 మి.మీ. చొప్పున ఖాళీ తగ్గుతుంది. స్పీడోమీటరు 100 చూపినపుడు అసలు వేగం సుమారు 104 కి.మీ. ఉంటుంది.
* ఆఫ్‌సెట్: ఇది రిమ్ము మధ్యరేఖకు, హబ్బుకు తగిలే తలానికి మధ్య గల దూరం. 45 మి.మీ. ఆఫ్‌సెట్‌కు బదులు 35 మి.మీ. గల రిమ్ము వేస్తే చక్రం 10 మి.మీ. బయటికి జరుగుతుంది.

చోటును గుర్తించుట

టైరు భుజాలపై సుద్దముక్కతో గీతలు గీసి, కారులో మనుషులను కూర్చోబెట్టి స్పీడ్‌బ్రేకరు మీదుగా నెమ్మదిగా నడపాలి. సుద్ద చెరిగిన చోటే రాపిడి జరిగిన చోటు. ప్లాస్టిక్ తొడుగుపై నున్నగా మెరిసే మచ్చ కూడా ఆనవాలే. స్టీరింగును పూర్తిగా తిప్పినపుడు మాత్రమే శబ్దం వస్తే లోపలి తొడుగును, సస్పెన్షన్ భాగాలను పరిశీలించాలి. గతుకులలో మాత్రమే వస్తే మడ్‌గార్డు అంచును చూడాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్‌బ్రేకరు ఎత్తు 10 సెం.మీ., వెడల్పు 3.7 మీటర్లు. ఇంతకన్న నిటారుగా ఉన్నవాటిపై కారు మరింత కుంగుతుంది. ధర్మవరం నుండి పట్టుచీరల మూటలతో బయలుదేరే కారును ఆ బరువుతోనే పరీక్షించాలి.

సవరించే పద్ధతులు

1. ఊడిన ప్లాస్టిక్ తొడుగును తిరిగి బిగించాలి. ఖర్చు తక్కువ కనుక మొదట చూడవలసినది ఇదే.
2. అరిగిన స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు మార్చి చక్రాల అలైన్‌మెంట్ చేయించాలి.
3. తయారీదారు సూచించిన కొలత గల టైర్లను, రిమ్ములను అమర్చాలి.
4. ఎత్తు సవరించే సస్పెన్షన్ ఉంటే కారును కొంత పైకి లేపాలి.
5. మడ్‌గార్డు లోపలి అంచును వేడి చేసి మడవవచ్చు. వేడి చాలకపోతే రంగు పగిలి ఇనుము తుప్పు పడుతుంది.

చక్రానికి, హబ్బుకు మధ్య వేసే స్పేసరు లోపలి రాపిడిని తొలగించినా బయటి రాపిడిని పెంచగలదు. స్ప్రింగు చుట్టలను కోయుట ఎన్నటికీ తగదు. కోసిన స్ప్రింగు బిరుసెక్కడమే గాక తన స్థానం నుండి తొలగిపోవచ్చు.

ప్రమాదం

టైరు పక్కభాగం పలుచన. రాపిడి వల్ల అక్కడ లోపలి దారాలు బయటపడితే టైరును మరమ్మతు చేయరాదు, మార్చవలసినదే. అటువంటి టైరు ఊరిలో నెమ్మదిగా తిరిగినపుడు నిలిచినా, జాతీయ రహదారిపై వేగానికి వేడెక్కి పేలిపోగలదు.

చట్టం

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను తయారీదారు నిర్దేశాలకు విరుద్ధమైన మార్పులను నిషేధిస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనిని ధ్రువీకరించింది. అదే సంవత్సరపు సవరణతో చేరిన 182ఎ సెక్షను ప్రకారం, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని విధించవచ్చు.